లావు పిల్లి కోసం కొని సన్న పిల్లి ముందు పెట్టిన ఫీడర్: ఏడు నెలల వాడకం తర్వాత

పిల్లి చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్‌ను గుర్తుపట్టి మూత తెరిచే పిల్లుల ఫీడర్‌ను, అంటే తిండి గిన్నెను, మేము ఏడు నెలలుగా వాడుతున్నాము. రెండు పిల్లులున్న ఇంట్లో ఒకటి బరువు తగ్గవలసి వచ్చినప్పుడు ఈ పరికరం ఎంతవరకు అక్కరకు వస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కొనబోయేవారికి తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను. తయారుచేసిన సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలావరకు ఒక సంస్థవి కావు, ఈ పరికరం పనిచేసే పద్ధతిలోనే ఉన్నవి.

మా పండుకు ఆరేళ్లు. చిన్నతనంలోనే సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించిన మగ పిల్లి. మిన్నుకు పదకొండేళ్లు, సన్నగా, కాస్త బెరుకుగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత పిల్లికి ఆకలి పెరుగుతుందనీ, శరీరానికి కావలసిన శక్తి మాత్రం తగ్గుతుందనీ మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు గిన్నెల్లో ఎప్పుడూ పొడి ఆహారం ఉండేది. మిన్ను రోజులో పది పదిహేను సార్లు వచ్చి నాలుగేసి పలుకులు తిని వెళ్లేది, మిగిలినదంతా పండు పూర్తి చేసేది. అది బొద్దుగా ముద్దొస్తోందని చూసినవాళ్లందరూ అంటుంటే మేమూ అలాగే అనుకున్నాము. కిటికీ గట్టు మీదికి ఎగరడం మానేసినప్పుడు వయసు వస్తోందనుకున్నాము, ఆరేళ్లకే ఏం వయసని ఆలోచించలేదు. చివరికి తోక మొదట్లో వెంట్రుకలు జడలు కట్టడం చూసి పశువైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాము. తన వీపును తాను నాక్కొని శుభ్రం చేసుకోవడానికి దాని మెడ అంతదూరం తిరగడం లేదని ఆమె చెప్పినప్పుడు మాకు చాలా బాధ కలిగింది.

పండు బరువు 7.2 కిలోలు తూగింది. పిల్లి శరీర స్థితిని 1 నుంచి 9 వరకు అంకెలతో కొలిచే పద్ధతి ఒకటుంది. అందులో 5 సరైన స్థితి. ఆపైన ప్రతి అంకె ఉండవలసిన బరువుకన్నా సుమారు 10 నుంచి 15 శాతం ఎక్కువను సూచిస్తుంది. పండుది 8. ఉండవలసిన బరువు 5.2 కిలోల చుట్టుపక్కల అని ఆమె అంచనా వేశారు. ఈ పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. అరచేతిని బోర్లించి వేళ్ల వెనుక ఎముకలను తడిమితే ఎంత తేలిగ్గా తగులుతాయో, సరైన బరువున్న పిల్లి పక్కటెముకలు దాదాపు అలాగే తగలాలి. పొట్ట కింద వేలాడే చర్మపు సంచిని చూసి మాత్రం తొందరపడి నిర్ణయానికి రావద్దు, అది సన్నని పిల్లులకూ సహజంగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం ఫీడర్ గురించి చెప్పకముందే చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకుండా ఏ పరికరం కొన్నా అది పిల్లికి మేలు చేయకపోగా ప్రమాదంలోకి నెట్టవచ్చు. లావెక్కిన పిల్లికి మధుమేహం, కీళ్ల అరుగుదల, మూత్రనాళ సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది, మత్తు ఇచ్చి చేసే చికిత్సల్లో ముప్పు కూడా ఎక్కువ. అంతమాత్రాన ఒక్కసారిగా తిండి తగ్గించకూడదు. లావు పిల్లి రెండు మూడు రోజులు సరిగా తినకపోతే ఒంట్లోని కొవ్వు వేగంగా కరిగి కాలేయంలోకి చేరి పేరుకుపోతుంది. హెపాటిక్ లిపిడోసిస్ అనే ఈ జబ్బు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే పిల్లి వారానికి తన బరువులో అర శాతం నుంచి 2 శాతం వరకు మాత్రమే తగ్గాలని వైద్యులు చెబుతారు. పండు విషయంలో ఒక శాతం అంటే 72 గ్రాములు. ఆమె లెక్క ఇలా సాగింది: ఉండవలసిన బరువు 5.2 కిలోలను 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే 241 కిలోకేలరీలు వస్తాయి, అందులో 80 శాతం, అంటే సుమారు 193, మొదటి మోతాదు. ఈ మోతాదు నుంచే మొదలుపెట్టి, పిల్లి తగ్గే వేగాన్ని బట్టి పెంచుతారు లేదా తగ్గిస్తారు. మామూలు ఆహారాన్నే బాగా తగ్గించి పెడితే కేలరీలతో పాటు మాంసకృత్తులు, విటమిన్లు కూడా తగ్గిపోతాయి. అందుకని బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా చేసిన, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ఆహారానికి మార్చమన్నారు. 100 గ్రాములకు 330 కిలోకేలరీలున్న పొడి ఆహారం 40 గ్రాములు, 85 కిలోకేలరీలున్న తడి ఆహారం 70 గ్రాములు: పండుకు రోజు మొత్తానికి అంతే.

ఈ లెక్క ఒక్క పిల్లి ఉన్న ఇంట్లో సులువుగా అమలవుతుంది. మా ఇంట్లో మిన్ను గిన్నె ఒకటుంది. మిన్ను కొంచెం కొంచెంగా రోజంతా తినే పిల్లి, వయసు మళ్లినది, దానికి తన మామూలు ఆహారమే కావాలి. పూటకు ఇరవై నిమిషాలు గిన్నె పెట్టి తీసేస్తే అది సగం కూడా తినేది కాదు. ఎత్తైన చోట పెట్టి చూశాము, పండు ఎక్కలేకపోయింది గానీ మిన్నుకు కూడా అంత ఎత్తు ఎక్కడం భారమైంది. ఆ ఇబ్బందిలోనే ఈ ఫీడర్ కొన్నాము.

పరికరం పని చాలా సరళమైనది. గిన్నె ముందు ఒక కమాను ఉంటుంది. పిల్లి అందులోంచి తల వంచినప్పుడు భుజాల మధ్య చర్మం కింద ఉండే మైక్రోచిప్‌ను కమానులోని రీడర్ చదువుతుంది. మనం ముందుగా నమోదు చేసిన 15 అంకెల సంఖ్యే అయితే మూత తెరుచుకుంటుంది, కాకపోతే కదలదు. పిల్లి వెనక్కి తగ్గిన కొన్ని క్షణాలకు మూసుకుంటుంది. చిప్ లేని పిల్లికి మెడపట్టీకి తగిలించే చిన్న బిళ్ల ఇస్తారు. నమోదు చేయడం ఒక మీట నొక్కి, పిల్లి తల పెట్టేదాకా ఆగడం, అంతే. అందులో మాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

కొన్న మొదటి రోజు మేము చేసిన పొరపాటు చాలామంది చేస్తారనిపిస్తుంది. పండు కోసం కొన్నది కదా అని పండు ఆహారం అందులో పెట్టి, దాని చిప్ నమోదు చేశాము. అది గంట తిరగకముందే తన వాటా పూర్తి చేసి, యథాప్రకారం మిన్ను గిన్నె దగ్గరికి వెళ్లింది. కాపలా కాయవలసింది పండు తినేదానికి కాదు, పండు తినకూడనిదానికి. పండు గిన్నెలో ఎలాగూ ఏమీ మిగలదు, దానికి మూత అవసరం లేదు. రోజంతా గిన్నెలో ఉండవలసింది మిన్ను ఆహారం. మరునాడు ఫీడర్‌ను మిన్నుకు మార్చి, పండుకు మామూలు గిన్నెలోనే రోజుకు నాలుగు సార్లు తూచి పెట్టడం మొదలుపెట్టాము. రెండు పిల్లులకూ వేర్వేరు ఆహారం రోజంతా అందుబాటులో ఉండాలంటే రెండు ఫీడర్లు కావాలి. ఒక్కటే కొనేవారు దాన్ని నెమ్మదిగా తినే పిల్లి ముందు పెట్టాలి.

మిన్ను అలవాటు పడటానికి 16 రోజులు పట్టింది. మోటారు చప్పుడు మనకు పెద్దగా వినిపించదు గానీ మూత కదిలినప్పుడల్లా అది ఉలిక్కిపడి పారిపోయేది. ఈ పరికరంలో నాకు అన్నిటికన్నా నచ్చినది దీనికి వాళ్లు ఆలోచించిన పరిష్కారం. మొదట మూత పూర్తిగా తెరిచే ఉంటుంది, పిల్లి అక్కడ తినడానికి అలవాటు పడ్డాక మూత రవ్వంత మాత్రం కదులుతుంది, తర్వాతి దశలో ఇంకొంచెం, చివరికి పూర్తిగా మూసి తెరుచుకుంటుంది. ఒక్కో దశలో పిల్లి నిశ్చింతగా తినేదాకా ఆగి ముందుకు వెళ్లాలి. నాలుగో రోజున నేను ఓపిక పట్టలేక ఒకేసారి రెండు దశలు దాటించాను. మిన్ను ఆ రోజు గిన్నె దగ్గరికే రాలేదు. మళ్లీ మొదటికి వచ్చి మొదలుపెట్టాను.

అదే రోజుల్లో పండు కొత్త ఆహారం కూడా మొదలైంది. వారం పది రోజుల్లో పాతదానిలో కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ మార్చమని చెప్పారు. సగం సగం చేరేసరికి పండు వాసన చూసి వెళ్లిపోయింది, మరునాడు ఉదయానికి కూడా ముట్టలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అనే మాట ఇంట్లో వినిపించింది. మనుషుల విషయంలో ఆ మాట చెల్లుతుందేమో గానీ లావు పిల్లి విషయంలో చెల్లదు. వెంటనే వైద్యురాలికి ఫోన్ చేస్తే, ఏది తింటే అది పెట్టండి, తినడం ముఖ్యం, బరువు తర్వాత చూద్దాం అన్నారు. పాత ఆహారానికి వెళ్లి, మార్పును మూడు వారాలకు సాగదీశాము. తడి ఆహారాన్ని గోరువెచ్చగా చేసి పెడితే వాసన పెరిగి తినడం తేలికైంది.

ఇక మిన్ను చిప్ ఒక చిక్కు తెచ్చింది. కొన్నిసార్లు అది కమానులో తల పెట్టి నిలబడినా మూత తెరుచుకునేది కాదు. పరికరంలోనే లోపముందనుకొని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాము. ఆసుపత్రిలో స్కానర్‌తో చూస్తే పదేళ్ల కిందట వేసిన చిప్ భుజాల మధ్య నుంచి పక్కకు జరిగి ఉంది. చిప్‌లు ఇలా కొంచెం జరగడం అసాధారణం కాదట. రీడర్ చదివే దూరం చాలా తక్కువ కాబట్టి ఆ కాస్త తేడాకే అది తడబడుతోంది. చివరికి బిళ్లనే వాడుతున్నాము. మెడపట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడిపోయే రకం తీసుకోవాలి, లేకపోతే పిల్లి మెడకు ఉరి పడే ప్రమాదముంది. కొనకముందే మీ పిల్లి చిప్ ఎక్కడుందో ఒకసారి చూపించుకోమని చెబుతాను.

మొదటి మూడు నెలలూ పండు బరువు ఆశించినట్టే తగ్గింది. పన్నెండో వారానికి 6.5 కిలోలు. ఆ తర్వాత ఆరు వారాల పాటు, అంటే వరుసగా మూడు తూకాల్లో, అదే బరువు. ఇలా ఆగిపోవడం సహజమేననీ, అప్పుడు కేలరీలను 5 నుంచి 10 శాతం తగ్గిస్తారనీ విని, అలాగే చేద్దామా అని అడిగాను. ఆమె పండు గురించి ఏమీ అనకుండా, మిన్ను బరువెంత అని అడిగారు. నేను అన్ని వారాలుగా మిన్నును తూచనే లేదు. తూస్తే 3.4 కిలోలు, ఫీడర్ కొన్నప్పుడు 3.6. రెండు వందల గ్రాములేగా అనిపించవచ్చు, కానీ 70 కిలోల మనిషి దాదాపు 4 కిలోలు తగ్గడంతో సమానం. పదకొండేళ్ల పిల్లి బరువు కోల్పోతే మొదట థైరాయిడ్, మూత్రపిండాలు, మధుమేహం అనుమానించాలి కాబట్టి రక్త పరీక్షలు చేయించాము. ఆ రెండు రోజులూ మాకు నిద్ర లేదు. అన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడు ఫోన్‌ను ఫీడర్ ఎదురుగా ఆనించి ఒక రాత్రంతా వీడియో తీశాము. మిన్ను వచ్చి తల పెడుతుంది, మూత తెరుచుకుంటుంది. రెండో క్షణానికి పండు పక్క నుంచి వచ్చి భుజంతో మెల్లగా నెట్టి తన తలను దూరుస్తుంది. మిన్ను పోట్లాడదు, అర అడుగు జరుగుతుంది గానీ బిళ్ల ఇంకా రీడర్‌కు అందే దూరంలోనే ఉండడంతో మూత తెరిచే ఉంటుంది. పండు తింటుంది. రాత్రిలో ఐదు సార్లు ఇలాగే జరిగింది. అంటే మేము తూచి పెట్టిన 193 కిలోకేలరీలకు మిన్ను వాటాలోంచి రోజూ కొంత కలుస్తోంది, అక్కడ తరిగినది ఇక్కడ చేరుతోంది. వైద్యురాలు అడగకపోయి ఉంటే నేను పండుకు ఇంకా తగ్గించేదాన్ని, అది ఇంకా గట్టిగా మిన్నును నెట్టేది.

ఈ రకం ఫీడర్‌లోని అతి పెద్ద లోపం ఇదే. అది వచ్చిన పిల్లిని గుర్తుపడుతుంది గానీ పక్కన నిలబడిన పిల్లిని చూడలేదు. అపరిచిత చిప్ కనబడగానే మూత మూసే ఏర్పాటు మా దానిలోనూ ఉంది, కానీ రెండు తలలు ఒకేసారి ఉన్నప్పుడు అది నమ్మకంగా పనిచేయడం లేదు. వెనుక వైపు కప్పే పారదర్శకమైన తొడుగు విడిగా అమ్ముతారు. దానివల్ల వెనుక నుంచి దూరడం ఆగుతుంది గానీ పక్క నుంచి కాదు. మేము పెద్ద అట్టపెట్టెకు మిన్ను మాత్రమే పట్టేంత రంధ్రం కోసి, ఫీడర్‌ను అందులో లోపలికంటా పెట్టాము. పండు తల పడుతుంది, భుజాలు పట్టవు. తయారీదారులు ఈ సొరంగంలాంటి భాగాన్ని పరికరంతోనే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇది కొనేవాళ్ల ఇంట్లో తప్పకుండా ఒక నెట్టే పిల్లి ఉంటుంది, అందుకేగా కొంటారు. అయితే పండు సన్నబడేకొద్దీ రంధ్రం సరిపోతుందో లేదో చూసుకుంటూ ఉండాలి. ఇప్పటికే ఒకసారి చిన్నది చేశాము.

రెండో లోపం బ్యాటరీలు. అయిపోతున్నప్పుడు ఎర్రని దీపం వెలుగుతుంది, శబ్దం మాత్రం రాదు. ఐదో నెలలో మేము ఒక రోజంతా బయట ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోయి మూత మూసుకొనే ఉండిపోయింది, మిన్ను రాత్రి దాకా ఏమీ తినలేదు. శక్తి తగ్గినప్పుడు మూత తెరిచి ఆగిపోవాలి గానీ మూసి ఆగకూడదు. ఇలాంటి పరికరంలో ఇది క్షమించలేని లోపం. అప్పటి నుంచి ఇంట్లో లేని రోజు పక్క గదిలో మరో గిన్నె పెట్టి వెళుతున్నాము, పండు ఆ గదిలోకి రాకుండా. ఫీడర్‌కు ఇంట్లో తోడుగా మనిషి కావాలి, మనిషికి బదులుగా అది పనిచేయదు.

శుభ్రపరచడం తేలికే, గిన్నె విడిగా వస్తుంది, రీడర్ భాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మూత కింది రబ్బరు అంచు తడి ఆహారాన్ని ఎండిపోకుండా ఆపుతుంది, చల్లగా ఉంచదు. కాబట్టి తడి ఆహారాన్ని గంటల తరబడి అందులో వదలకూడదు. ఫోన్‌కు కలిపి, పిల్లి ఎప్పుడు ఎన్ని గ్రాములు తిన్నదో చూపే ఖరీదైన నమూనాలూ ఉన్నాయి. మా స్నేహితుల ఇంట్లో దాన్ని చూశాను. పక్క నుంచి తల దూర్చిన పిల్లి తిన్నది కూడా అందులో నమోదైన పిల్లి ఖాతాలోనే పడుతుంది. అందుకని దాని మీద నాకు ఆశ లేదు.

నిజానికి ఈ ఏడు నెలల్లో పండు బరువు తగ్గించిన వస్తువు ఏదని అడిగితే ఫీడర్ కన్నా ముందు రెండు కాటాలను చెబుతాను. ఒకటి గ్రాముల్లో చూపే వంటింటి కాటా. డబ్బాతో వచ్చే కొలత కప్పు నింపేవారి చేతిని బట్టి మారుతుంది. మా ఇంట్లో ముగ్గురం అదే గీత దాకా నింపి తూస్తే 34, 38, 43 గ్రాములు వచ్చాయి. ముప్పై కిలోకేలరీల తేడా 193లో చిన్నది కాదు. రెండోది పసిపిల్లలను తూచే కాటా, 10 గ్రాముల వరకు చూపుతుంది. పిల్లిని ఎత్తుకొని మామూలు కాటా మీద నిలబడి, మన బరువు తీసేసే పద్ధతిలో వంద గ్రాముల తేడా సులభంగా వస్తుంది. వారానికి 50, 70 గ్రాములు తగ్గే పిల్లి విషయంలో అలా తూచి ఏమీ తెలుసుకోలేము. రెండు వారాలకొకసారి, ఒకే సమయానికి, ఉదయం తిండికి ముందు తూచడం మంచిది. ఇంట్లోని పిల్లులన్నిటినీ తూచాలి.

ఒకే పిల్లి ఉన్నవారు ఈ ఫీడర్ కొననవసరం లేదు. వేళకు తెరుచుకునే సాధారణ ఫీడర్, వంటింటి కాటా చాలు. ఇద్దరు నెమ్మదస్తులున్న ఇంట్లో, లేదా ఒకటి మందుతో కూడిన ప్రత్యేక ఆహారం తినవలసిన ఇంట్లో ఇది నిజంగా పనికొస్తుంది. మా ఇంట్లోలాగా నెట్టే పిల్లి ఉంటే పెట్టె కూడా కట్టడానికి సిద్ధపడి కొనండి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లి అయితే ఆహారంలో ఏ మార్పు చేసినా వైద్యుల పర్యవేక్షణలోనే చేయాలి. తిండి తగ్గితే ఇన్సులిన్ మోతాదు కూడా మార్చవలసి రావచ్చు.

ముప్పయ్యో వారం తూకంలో పండు 5.9 కిలోలు, మిన్ను మళ్లీ 3.6. పండుకు ఇంకా ఏడు వందల గ్రాములు తగ్గవలసి ఉంది. ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుందని వైద్యురాలు చెప్పారు, తొందర లేదని కూడా చెప్పారు. తోక మొదట్లో వెంట్రుకలు ఇప్పుడు జడలు కట్టడం లేదు, రోజూ మధ్యాహ్నం చాలాసేపు కూర్చొని వీపంతా తానే నాక్కుంటోంది. పోయిన నెల ఒక ఉదయం కిటికీ గట్టు మీద దాన్ని చూసి, ఎవరు ఎక్కించారని ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరూ ఎక్కించలేదు.